వచ్చే వారానికి బతికుండాలి

తమ్ముడు: అక్కా, పాత కౌబాయ్ సీరియళ్ళన్నీ పిల్లకాయల తుపాకీ ఆటలని తేల్చేశావు కదా. ఒక్క సంగతి విను. 1955 సెప్టెంబరు 10న అమెరికా టీవీలో ‘గన్‌స్మోక్’ మొదలైంది. ముందుగా కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ తెరమీదికొచ్చి సీరియల్‌ని జనానికి పరిచయం చేశాడు. అంతటివాడు సిఫార్సు చేశాక హీరో ఏం చెయ్యాలి? ఎదురొచ్చినవాణ్ణల్లా పడగొట్టాలి. కానీ ఆ మొదటి కథలోనే డాడ్జ్ సిటీ మార్షల్ మాట్ డిల్లన్ ఓడిపోతాడు. డాన్ గ్రాట్ అనేవాడు అతనికంటే వేగంగా తుపాకీ తీసి నేలకూలుస్తాడు. డిల్లన్ మంచం పట్టి ఆలోచిస్తాడు. వీడు ఎప్పుడూ మనిషికి మరీ దగ్గరగా వచ్చాకే ఎందుకు కాలుస్తాడు? వేగం ఉంది, గురి లేదన్నమాట. రెండోసారి దూరంగా నిలబడతాడు. కండబలం కథ కాదిది. దెబ్బతిన్న మనిషి బుర్ర పెట్టి ఆలోచించిన కథ.

అక్క: బాగుంది. రెండోసారి గ్రాట్ ఏమయ్యాడు?

తమ్ముడు: పోయాడు.

అక్క: అదీ సంగతి. డిల్లన్ మంచం మీంచి లేచాడు, గ్రాట్ లేవలేదు. ఎందుకంటే వచ్చే వారానికి డిల్లన్ కావాలి, గ్రాట్ అక్కర్లేదు. నీ సీరియల్ ధర్మశాస్త్రమంతా ఆ ఒక్క అవసరం మీద నిలబడింది. ఇరవై సీజన్లు, 635 ఎపిసోడ్లు. అన్నాళ్ళు మనుషుల్ని కాల్చినవాడు మొదటిరోజు ఎలా ఉన్నాడో చివరిరోజూ అలాగే ఉన్నాడు. జుట్టు కొంచెం నెరిసింది, అంతే. చంపడం మనిషిని లోపల ఏం చేస్తుందో ఆ సీరియల్‌కి అక్కర్లేదు. నాకు యుద్ధం సీరియళ్ళు నచ్చేది అక్కడే. వాటికి అది అక్కర్లేకుండా పోదు.

తమ్ముడు: అక్కర్లేదని ఎలా అంటావు? తొలి సీజన్లలో కథ ఎక్కడ మొదలయ్యేదో గుర్తు తెచ్చుకో. బూట్‌హిల్‌లో, అంటే ఊరి శ్మశానంలో. డిల్లన్ ఒంటరిగా సమాధుల మధ్య నడుస్తూ తనలో తను మాట్లాడుకునేవాడు. అమెరికా ఇళ్ళల్లో శనివారం రాత్రి జనం కాళ్ళు చాపుకుని కూర్చుంటే, వాళ్ళ అభిమాన కథానాయకుడు శ్మశానంలోంచి వచ్చి పలకరించేవాడు. చంపినవాడు మర్చిపోతే అక్కడికెందుకు వెళ్తాడు?

అక్క: వెళ్తాడు, దండం పెట్టినట్టు తల వంచుతాడు, ఊళ్ళోకొచ్చి ఇంకొకణ్ణి పంపిస్తాడు. కర్మకాండ సక్రమంగా చేస్తే హత్య మాఫీ అయిపోతుందా? సరే, ఆ మాట తర్వాత. ముందు నా వైపునుంచి ఒకటి చెబుతాను. ‘కాంబాట్’ 1962 నుంచి 1967 దాకా వచ్చింది, 152 ఎపిసోడ్లు. నార్మండీ ఒడ్డున దిగిన అమెరికన్ సైన్యంలో ఒక చిన్న జట్టు కథ. సార్జెంట్ సాండర్స్‌గా విక్ మారో. 1966లో ‘హిల్స్ ఆర్ ఫర్ హీరోస్’ అని రెండు భాగాల కథ ఒకటి వేశారు, దర్శకుడూ మారోనే. కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక కొండ, దానిమీద జర్మన్ల కాంక్రీటు బంకర్లు, కిందినుంచి ఎక్కమని ఆజ్ఞ. ఎక్కుతారు, చస్తారు, మిగిలినవాళ్ళు వెనక్కొస్తారు. మళ్ళీ ఎక్కమంటారు. లెఫ్టినెంట్ హాన్లీకి తెలుసు, తను పంపేది చావుకేనని. పంపుతాడు. చివరికి ఎలాగో కొండ పట్టుకుంటారు. ఊపిరి పీల్చుకునేలోగా కబురు. ఇంకోచోట జర్మన్లు చొచ్చుకొచ్చారు, ఆ కొండ వదిలేసి దిగిపొమ్మని.

తమ్ముడు: ...

అక్క: మాట్లాడవేం? నీ డాడ్జ్ సిటీలో అలాంటి కథ పుడుతుందా? అక్కడ తుపాకీ పేలిందంటే దానికి అర్థం ఉంటుంది. దొంగ పోయాడు, వీధి బాగుపడింది. ఇక్కడ అంతమంది పోయాక ఆ కొండ మళ్ళీ జర్మన్లదే.

తమ్ముడు: గొప్ప కథే, కాదనను. కానీ నువ్వు నన్ను అడిగిన ప్రశ్నే నేను నిన్ను అడుగుతాను. సాండర్స్ చచ్చాడా?

అక్క: లేదు.

తమ్ముడు: హాన్లీ?

అక్క: లేదు. జట్టులోని కర్బీ, కేజ్, లిటిల్‌జాన్ కూడా బతికే ఉన్నారు. నువ్వడక్కుండానే చెబుతున్నా.

తమ్ముడు: నార్మండీలో దిగింది 1944 జూన్‌లో, జర్మనీ లొంగిపోయింది 1945 మేలో. పదకొండు నెలల యుద్ధాన్ని నీవాళ్ళు ఐదేళ్ళు చేశారు. ఐదేళ్ళూ ఆ నలుగురైదుగురికీ గాయాలే గానీ చావు లేదు. వారం వారం ఒక కొత్త కుర్రాడు జట్టులో చేరతాడు, జేబులోంచి ఇంటి ఫొటో తీసి చూపిస్తాడు. ఫొటో తీశాడంటే మా ఇంట్లో అందరికీ అర్థమైపోయేది, వీడికి ఇవాళే ఆఖరని. డాన్ గ్రాట్‌ని ఖర్చు రాసేశారని నన్ను దెప్పావే, మరి ఆ కుర్రాణ్ణి ఏం చేశారు?

అక్క: ఖర్చే రాశారు. ఒప్పుకుంటున్నా. కానీ ఇక్కడొక విచిత్రం ఉంది. సీరియల్ అవసరం కోసం చేసిన ఆ మోసం నిజానికి దగ్గరగా వచ్చింది. ఆ యుద్ధంలో అమెరికన్ సైన్యం చచ్చినవాళ్ళ చోట్లోకి కొత్తవాళ్ళని ఒక్కొక్కరిగా పంపేది. ముఖం తెలియని జట్టులో, ఎవరూ పేరడగని చోట దిగేవాళ్ళు. యుద్ధంలో మెలకువలు ఒంటబట్టకముందే చాలామంది పోయేవాళ్ళు. పాతకాపులు కొత్తవాళ్ళతో స్నేహం చెయ్యడానికి భయపడేవాళ్ళు. కాబట్టి ఆ ఫొటో కుర్రాడు టీవీ వాళ్ళ సౌకర్యమే, అయినా చరిత్రే. నీ గ్రాట్ ఏ చరిత్ర?

తమ్ముడు: చరిత్ర అని గొంతు పెంచకు, అక్కడే నీకు ఇబ్బంది. నా సీరియల్ నేను కథని అని ఒప్పుకుంటుంది. టోపీ, గుర్రం, ఒక వీధి, ఒక సారా అంగడి. అదొక నాటకశాల, అంతే. మీవాళ్ళు తేదీ వేస్తారు, ఊరి పేరు వేస్తారు, భుజాలమీద బిళ్ళలు సరిచూసుకుంటారు, మధ్యలో నిజమైన వార్తాచిత్రాల ముక్కలు అతికిస్తారు. ఇదంతా జరిగిందని నమ్మించడానికి. నమ్మించాక ఏం చెబుతారు? ‘ర్యాట్ పెట్రోల్’ చూశావుగా, 1966లో వచ్చింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జీపులెక్కి నలుగురు జర్మన్లని ఊపిరాడనివ్వరు. నలుగురిలో ముగ్గురు అమెరికన్లు, ఒక్కడు బ్రిటిషువాడు. నిజానికి ఆ ఎడారిలో అలాంటి పని చేసింది ఎక్కువగా బ్రిటిషు సైన్యపు దళాలు. బ్రిటన్‌లో మాజీ సైనికులు మండిపడితే బీబీసీ ఆ సీరియల్ ఆపేసింది.

అక్క: ఆ కోపంలో కూడా సగం చరిత్రే ఉంది. మొత్తం చెప్పాలంటే అదే ఎడారిలో అదే పనికి ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ అని మనవాళ్ళ దళం కూడా ఉండేది. అమెరికన్లు బ్రిటిషువాళ్ళని చెరిపేశారని వాళ్ళు ఏడిస్తే, బ్రిటిషువాళ్ళు చెరిపేసినవాళ్ళ తరఫున ఏడ్చే దిక్కులేదు. ఇరవై ఐదు లక్షలమంది ఉన్న భారతసేన ఈ అమెరికన్ సీరియళ్ళలో దాదాపు కనిపించనే కనిపించదు. ఇది నా పక్షానికి మచ్చే. సాండర్స్ జట్టులో నల్లవాళ్ళు ఎందుకు లేరంటే, అప్పటి అమెరికన్ సైన్యమే వాళ్ళని విడిగా పెట్టింది అంటారు. నిజమే. కానీ ఆ విడదీయడం గురించి ఒక్క కథైనా గట్టిగా రాయొచ్చుగా?

తమ్ముడు: మరి ఇన్ని ఒప్పుకున్నాక నీ పక్షంలో మిగిలిందేంటి?

అక్క: తొందరపడకు. నీ నాటకశాల మాట తీద్దాం. ఆ వీధి ఎక్కడిది? డాడ్జ్ సిటీ, కాన్సాస్. ఊహించిన ఊరు కాదు, పటంలో ఉన్న ఊరు. దానికి పక్కనే ఫోర్ట్ డాడ్జ్, 1865లో కట్టిన సైనిక స్థావరం. ఊరికి మొదట డబ్బెలా వచ్చింది? బైసన్ దున్నల తోళ్ళు. 1870ల మొదట్లో రైలు రాగానే వేటగాళ్ళు మైదానాల్లో మందలకు మందల్ని చంపి తోళ్ళు ఎగుమతి చేశారు. ఆ దున్నలమీదే బతికే తెగలకు తిండి పోయింది, బట్ట పోయింది, గుడారం పోయింది. దానికి ముందు 1864లో కొలరాడోలో శాండ్ క్రీక్ దగ్గర శయెన్, అరాపహో జనాన్ని, ఆడవాళ్ళని పిల్లల్ని కూడా, సైనికులు ఊచకోత కోశారు. 1890లో వూండెడ్ నీ దగ్గర లకోటా వాళ్ళని. నీ మార్షల్ చుట్టూ యుద్ధమే నడిచింది తమ్ముడూ. నీ సీరియలూ యుద్ధం సీరియలే. కాకపోతే ఆ సంగతి తనకే తెలియనట్టు నటిస్తుంది. మహా యుద్ధాన్ని అటు నెట్టేసి, వీధి మధ్యలో ఇద్దరు మగాళ్ళని నిలబెట్టి, ఇదిగో మా చరిత్రలో హింస అంటే ఇంతే అంటుంది.

తమ్ముడు: ఈ దెబ్బ తగిలింది.

అక్క: ఇంకా ఉంది. ఆ తెగలవాళ్ళు కథలోకి వచ్చినప్పుడు ఆ వేషం ఎవరికిచ్చారు? ‘బ్రోకెన్ ఆరో’లో అపాచీ నాయకుడు కొచీస్‌గా వేసింది అరబ్ మూలాల మైకేల్ అన్సారా. నీ గన్‌స్మోక్‌లోనే సగం కొమాంచీ రక్తమున్న కమ్మరి క్వింట్‌గా వేసింది బర్ట్ రేనాల్డ్స్. ‘లోన్ రేంజర్’లో టోంటోగా మోహాక్ తెగకు చెందిన జే సిల్వర్‌హీల్స్ వేశాడు గానీ, అతనికి నోటినిండా భాష ఇవ్వలేదు. ముక్కలు ముక్కలుగా మాట్లాడించారు.

తమ్ముడు: ఒప్పుకుంటున్నా. పూర్తిగా. ‘బొనాంజా’లో వంటవాడు హాప్ సింగ్ సంగతి కూడా కలుపుకో. పద్నాలుగు సీజన్లు ఆ ఇంట్లో వండిపెట్టాడు, అతని గురించి కథలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1882లో చైనీయుల్ని దేశంలోకి రానివ్వకుండా చట్టం చేసిన దేశంలో అది మామూలే కావచ్చు గానీ, మాఫీ చెయ్యలేం. అయినా అక్కా, ఈ లెక్కన నీకో ప్రశ్న. శత్రువుకి భాష ఇవ్వడం గొప్ప అంటున్నావు. ‘కాంబాట్’లో జర్మన్లు జర్మనే మాట్లాడతారు, కింద అనువాదం వెయ్యరు. ఇది భాష ఇవ్వడమా, లాక్కోవడమా?

అక్క: ఇవ్వడమే. హాలీవుడ్ జర్మన్లలా వచ్చీరాని ఇంగ్లీషులో మొరగరు. మాట్లాడుకుంటారు, జోకులేసుకుంటారు, భయపడతారు. అర్థం కాకపోయినా గొంతు తెలుస్తుంది. పొదలో దాక్కున్న సాండర్స్‌కి ఎంత అర్థమవుతుందో మనకూ దాదాపు అంతే. వాడూ మనిషేనని తెలుస్తుంది, కానీ ఏమంటున్నాడో తెలీదు. యుద్ధమంటే అదే.

తమ్ముడు: నాకు అది గాలి చప్పుడులా వినిపించింది. మాట అర్థం కానివాణ్ణి చంపడం సులువు. నా ఊళ్ళో చచ్చేవాడు ముందు మాట్లాడతాడు. గ్రాట్ కూడా మాట్లాడాడు. ఎందుకొచ్చాడో, ఎవరిమీద పగో, ఏ పొలం పోయిందో, ఏ తమ్ముణ్ణి ఉరితీశారో చెబుతాడు. చాలా ఎపిసోడ్లలో చచ్చేవాడి కథే అసలు కథ. డిల్లన్ ఊరికే ద్వారపాలకుడు. గన్‌స్మోక్ రాసిన జాన్ మెస్టన్ కథలు చూడు, మాకు తుపాకీ పోరాటం కావాలని కూర్చుంటే, ఆయన పేదరైతు కాపరాన్ని చూపించి వెళ్ళిపోతాడు. ఇంకో ముఖ్యమైన మాట. సైనికుడు కాల్చేముందు, కాల్చనా వద్దా అని ఆలోచించక్కర్లేదు. పైనుంచి అనుమతి వచ్చేసింది. యూనిఫాం వేరైతే చాలు. మార్షల్‌కి అలా కుదరదు. ప్రతి గుండుకీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఊరు అడుగుతుంది, జడ్జి అడుగుతాడు, చనిపోయినవాడి పెళ్ళాం అడుగుతుంది. ఒక్కొక్క చావునీ విడివిడిగా తూకం వెయ్యడం, అది కౌబాయ్ కథ పని. మీది టోకు వ్యాపారం.

అక్క: తూకం అంటున్నావు, తూకపురాయి చూశావా? అవతలివాడు ముందు తుపాకీ మీద చెయ్యి వెయ్యాలి. అంతే చట్టం. రాసేవాడి చేతిలో పని, వాడిచేత వేయిస్తాడు. రెప్పపాటులో హత్య కాస్తా ఆత్మరక్షణ అయిపోతుంది. వారం వారం, ఊరు ఊరంతా సాక్ష్యం. నిజం డాడ్జ్ సిటీలో ఏం జరిగిందో చూడు. రాబర్ట్ డిక్‌స్ట్రా అనే చరిత్రకారుడు 1968లో లెక్కతీశాడు. పశువుల మందలు దిగే ఐదు కాన్సాస్ ఊళ్ళు, 1870 నుంచి 1885 దాకా. అన్నీ కలిపి 45 హత్యలు. డిల్లన్ తన ఒక్క వీధిలోనే కొన్నేళ్ళలో ఆ సంఖ్య దాటించేసి ఉంటాడు.

తమ్ముడు: ఆ లెక్కమీద తర్వాత వచ్చిన చరిత్రకారులు తగవుపడ్డారు. సంఖ్య చిన్నదే, కానీ ఊళ్ళూ చిన్నవే. వెయ్యి చిల్లర జనం ఉన్న చోట ఏడాదికి ఒకటో రెండో హత్యలంటే, జనాభాతో పోలిస్తే భయంకరమైన రేటు. కాబట్టి టీవీ వాళ్ళు గాల్లోంచి పుట్టించలేదు. ఇంకో సంగతి. అసలు డాడ్జ్ సిటీలో తుపాకీతో తిరగకూడదని బోర్డు పెట్టారు. ఊళ్ళోకి రాగానే అప్పజెప్పాలి. ఆ బోర్డున్న ఫొటో ఇప్పటికీ ఉంది. చూసినవాళ్ళంతా అదేదో సీరియల్ అబద్ధాన్ని పట్టిచ్చిందన్నట్టు నవ్వుతారు. నాకది వేరేలా కనిపిస్తుంది. తుపాకీలు దింపించడం ఎలా అనేదే గన్‌స్మోక్ ప్రశ్న. చట్టం లేనిచోట చట్టాన్ని పుట్టించడానికి కూడా తుపాకీయే వాడాల్సిరావడం. దానికి జవాబు లేదు, సీరియల్ కూడా చెప్పదు.

అక్క: మంచి మాటే. కానీ ఇరవై ఏళ్ళు అడిగిన ప్రశ్న ప్రశ్నలా ఉండదు, అలవాటులా ఉంటుంది. కిట్టీ సంగతే చూడు. లాంగ్ బ్రాంచ్ అంగడి నడుపుతుంది, డిల్లన్ కోసం పంతొమ్మిది సీజన్లు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తుంది. పెళ్ళి కాదు. ఎందుకు కాదు? డిల్లన్‌కి భయం, తన పనివల్ల ఆమె వితంతువవుతుందని. మనకి తెలుసు ఆమె ఎప్పటికీ కాదని, ఎందుకంటే వాడు చావడు! అబద్ధమైన కారణానికి ఒక ఆడమనిషి జీవితమంతా పణం. చివరి సీజన్‌కి ఆ నటి అమాండా బ్లేక్ విసిగి వెళ్ళిపోయిందంటే ఆశ్చర్యమేముంది? విసుగని నా ఊహలే, ఆమెతో నేను మాట్లాడలేదు.

తమ్ముడు: సొంత వ్యాపారం, సొంత డబ్బు, ఊళ్ళో ఎవరికీ లొంగని మనిషి. ఆ రోజుల్లో టీవీలో అలాంటి ఆడవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు? మీ కందకాల్లో అయితే ఒక్కరూ కనిపించరు. ఫ్రెంచి పల్లెలో ఒక పిల్ల, రొట్టె ఇవ్వడం, ఏడవడం.

అక్క: అమెరికన్ సీరియళ్ళకి ఆ మాట సరిపోతుంది. కానీ బీబీసీ ‘టెంకో’ చూడు, 1981లో మొదలైంది. 1942లో సింగపూర్ పడిపోయాక జపాన్ వాళ్ళు బంధించిన ఆడవాళ్ళ శిబిరం కథ. అందులో ముఖ్య పాత్రలే పోతాయి. జబ్బుతో, ఆకలితో, కొట్టడంవల్ల. వచ్చే వారం ఎవరుంటారో తెలీదు. నేను నిన్ను మొదటినుంచీ అడుగుతున్న ప్రశ్నకి అదీ జవాబు. వచ్చే వారం అనే గ్యారంటీ తీసేస్తే చావు చావులా ఉంటుంది.

తమ్ముడు: ఆ గ్యారంటీ ఎవరికి అవసరమైందో ఆలోచించావా? ఇది నేను చెప్పాలనుకున్న అసలు మాట. 1959 మార్చిలో అమెరికాలో అందరూ చూసే మొదటి పది కార్యక్రమాల్లో ఎనిమిది కౌబాయ్‌వే. అప్పుడు టీవీ ముందు కూర్చున్న మగాళ్ళు ఎవరు? యుద్ధంనుంచి తిరిగొచ్చి పదిహేనేళ్ళు కూడా కాలేదు. ఇంట్లో ఆ ఊసెత్తరు. పెళ్ళాంతో చెప్పరు, పిల్లలతో చెప్పరు. అలాంటివాళ్ళు తర్వాత సాండర్స్ వచ్చినా చూసి ఉంటారంటావా? వాళ్ళు డిల్లన్‌ని చూశారు. ఆ డిల్లన్ ఎవరో తెలుసా? జేమ్స్ ఆర్నెస్. 1944లో ఇటలీలో ఆన్జియో దగ్గర దిగాడు. ఆరడుగుల ఏడంగుళాల పొడుగు కదా, నీళ్ళు ఎంత లోతో తెలియడానికి పడవలోంచి ముందు అతణ్ణే దింపారని చెబుతారు. మెషిన్‌గన్ గుళ్ళు కాల్లో దిగాయి. ఆ కాలు జీవితాంతం బాధపెట్టింది, గుర్రమెక్కాలంటే నరకం. ఇరవై ఏళ్ళు ఆ కాలితోనే గుర్రమెక్కాడు. తెరమీద కుంటింది డిల్లన్ సహాయకుడు చెస్టర్, అసలు కుంటు డిల్లన్‌ది. యుద్ధం గురించి నోరు విప్పలేనివాళ్ళకి, నోరు విప్పకుండా యుద్ధాన్ని మోస్తున్న మనిషిని చూపించింది నా సీరియల్. మారువేషంలో వచ్చిన నిజం అది.

అక్క: ఇది నువ్వు ఊహించి చెబుతున్నది. వాళ్ళు ఏమనుకుని చూశారో నీకెలా తెలుసు? గుర్రాలు బాగున్నాయని చూసి ఉండొచ్చు. పెళ్ళాం వంట చేస్తుంటే సద్దుచెయ్యకుండా కూర్చోడానికి ఒక సాకు కావొచ్చు.

తమ్ముడు: కావొచ్చు. నాకే గుర్రాలు బాగుంటాయి. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ టోపీ పెట్టి గుర్రం దిగినప్పుడు మొదలైన పిచ్చి, దానికి సిద్ధాంతమేమీ లేదు.

అక్క: ఆ టోపీ డాడ్జ్ సిటీది కాదు, ఇటలీ కౌబాయ్ సినిమాలవాళ్ళు కుట్టింది. పోనీలే. ఆర్నెస్ మాట మాత్రం నన్ను కదిలించింది, దాచను. కానీ అదే గాయాన్ని నేను ఇంకోలా చదువుతాను. నిజంగా గుండు తిన్న మనిషి ఉన్నాడు. అతనికి తెలుసు గాయం మానదని. అతనిచేతే వారం వారం, గుండు తగిలితే ఊరి డాక్టరు డాక్ తీసేస్తాడు, వారంలో లేచి తిరగొచ్చు అని ఆడించారు. తెలిసినవాడిచేతే తెలియనట్టు చెప్పించడం. నా పక్షంలోనూ అలాంటివాడు ఒకడున్నాడు. జర్మన్ యుద్ధఖైదీల శిబిరం మీద తీసిన నవ్వుల సీరియల్ ‘హోగన్స్ హీరోస్’లో ఖైదీగా నవ్వులు పంచిన రాబర్ట్ క్లారీ, పదహారేళ్ళ వయసులో నాజీలు పట్టుకుపోయిన యూదు కుర్రాడు, బుకెన్‌వాల్డ్‌నుంచి బతికొచ్చినవాడు. జర్మన్ కమాండెంట్‌గా వేసిన వెర్నర్ క్లెంపరర్ కూడా నాజీల్ని తప్పించుకొచ్చిన యూదు కుటుంబంవాడే. ఆ సీరియల్‌ని సమర్థించమంటే నాకు నోరు రాదు. ఖండించమన్నా రాదు.

తమ్ముడు: చూశావా, యుద్ధం నేరుగా చెప్పలేక మీవాళ్ళూ వేషం కట్టారు. వాళ్ళది నవ్వు వేషం. యుద్ధరంగంలో సైనికాసుపత్రి కథ ‘మాష్’ కూడా అంతే. కొరియా అని పేరు, 1972లో మొదలైంది, చూసేవాళ్ళందరికీ అది వియత్నామని తెలుసు. కొరియా కొండలని చూపించినవి కాలిఫోర్నియా కొండలు. మూడేళ్ళ యుద్ధాన్ని పదకొండేళ్ళు నడిపారు, 256 ఎపిసోడ్లు. కొరియా వాళ్ళు మాత్రం ఎక్కడో వెనకాల గేదెల్ని తోలుకుంటూ పోతుంటారు.

అక్క: ఆ వెనకాల ఉండిపోవడం తప్పే. కానీ ఒక్కటి గమనించావా? ఆ సీరియల్‌కి చానల్‌వాళ్ళు నవ్వుల టేపు తగిలించాలని పట్టుబట్టారు. తీసినవాళ్ళు గుంజుకుని గుంజుకుని ఒక్క ఒప్పందం చేసుకున్నారు, ఆపరేషన్ గదిలో నవ్వు వినిపించకూడదని. కత్తులు కింద పడే చప్పుడు, ఊపిరి, రక్తం. గుడారం దాటి బయటికొస్తే నవ్వు. ఆ గడప నాకు చాలు. ఇక 1975 మార్చి 18. కర్నల్ హెన్రీ బ్లేక్‌కి ఇంటికి వెళ్ళే ఆజ్ఞ వచ్చింది. అందరూ వీడ్కోలిచ్చారు, హెలికాప్టర్ ఎక్కాడు. చివర్లో ఆపరేషన్ గదిలోకి ఆసుపత్రి గుమాస్తా రాడార్ వచ్చి చెబుతాడు, కర్నల్ విమానం కూలిపోయిందని, ఎవరూ మిగల్లేదని. ఆ చివరి కాగితం నటుల్లో చాలామందికి షూటింగ్ నాడే చేతికిచ్చారు. జనం కోపంతో ఉత్తరాలు గుమ్మరించారు. నవ్వులాటలో చంపుతారా అని.

తమ్ముడు: ఆ నటుడు ఎలాగూ మానేసి వెళ్ళిపోతున్నాడు. వచ్చే వారానికి అక్కర్లేనివాడే పోయాడు. నీ సూత్రమే.

అక్క: నిజమే. నన్ను నా తాడుతోనే కట్టేశావు. అయినా వెళ్ళిపోతున్నవాణ్ణి ఇంటికి పంపొచ్చు. అదే సులువు, అదే అందరికీ ఇష్టం. వాళ్ళు పంపలేదు.

తమ్ముడు: సరే, నువ్వు చెప్పిన తేదీకి నేనొక తేదీ కలుపుతాను. అదే చానల్, సీబీఎస్. హెన్రీ బ్లేక్ పోయిన పదమూడు రోజులకి, 1975 మార్చి 31న, గన్‌స్మోక్ ఆఖరి కొత్త ఎపిసోడ్ వచ్చింది. ఇంకో నెలకి, ఏప్రిల్ 30న, సైగాన్ పడిపోయింది.

అక్క: ఇన్నాళ్ళూ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను.

తమ్ముడు: దీన్నుంచి ఏదో లాగకు, యాదృచ్ఛికమే. కానీ ఒక తేడా చూడు. మాష్ ముగిసినప్పుడు, 1983 ఫిబ్రవరి 28న, రెండున్నర గంటల ముగింపు వేశారు. పదికోట్లమందికి పైగా చూశారు. హెలికాప్టర్ పైకి లేస్తుంటే కింద రాళ్ళతో పేర్చిన వీడ్కోలు మాట కనిపిస్తుంది. గన్‌స్మోక్‌కి ముగింపే లేదు. ఇరవయ్యో సీజన్‌లో మామూలు కథ ఒకటి వేశారు, ఆ తర్వాత ఆపేశారు. డిల్లన్ బిళ్ళ తీసెయ్యలేదు, పెళ్ళి చేసుకోలేదు, చావలేదు. మరుసటి వారం కొత్త కథ రాలేదు, అంతే. నీకు అది లోపంగా కనిపిస్తుంది. నాకు మాత్రం, ఏ వీడ్కోలూ లేకుండా మనిషి రాకపోవడమే మామూలు మనుషులకి జరిగేది అనిపిస్తుంది.

అక్క: రాళ్ళు పేర్చిన మాట అందరికీ గుర్తుంది. అదే ముగింపులో కథానాయకుడు, సర్జన్ హాకై పిచ్చాసుపత్రిలో ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. బస్సులో శత్రువులకి వినబడకుండా కోడిని ఊరుకోబెట్టమని అరిచానని డాక్టరుకి చెబుతుంటాడు. చెబుతూ చెబుతూ ఉండగా తెలుస్తుంది, అది కోడి కాదు, పసిబిడ్డ అని. తల్లే ఆ బిడ్డ నోరు నొక్కేసింది. పదకొండేళ్ళు జోకులేసిన మనిషిని ఆఖరికి ఆ బస్సులో కూర్చోబెట్టారు. వచ్చే వారం లేదని తెలిశాకే ఆ పని చెయ్యగలిగారు, అది కూడా ఒప్పుకుంటున్నా. ఇంతకీ ఆ కొండ కథ, ‘కాంబాట్’ది, నువ్వు రెండు భాగాలూ చూశావా?

తమ్ముడు: మొదటిది చూశాను.

అక్క: రెండోది?

తమ్ముడు: ఎక్కినవాళ్ళే మళ్ళీ ఎక్కుతున్నారు. ఇక నిద్రపట్టదనిపించి ఆపేశాను. గన్‌స్మోక్ పెట్టుకున్నా.

అక్క: ఏ కథ?

తమ్ముడు: పేరు గుర్తులేదు. ఎవడో బయటివాడు ఊళ్ళోకొచ్చాడు, కడుపులో గుండుతో. డాక్ బల్లమీద పడుకోబెట్టి దీపం దగ్గరికి లాగాడు. నవ్వకు. ఆ యుద్ధంనుంచి వచ్చినవాళ్ళు కూడా ఆ దీపం చూస్తూనే నిద్రపోయి ఉంటారు.

అక్క: నవ్వడం లేదు. వాడు బతికాడా?

తమ్ముడు: చూడలేదు. అంతలో నిద్ర పట్టేసింది.